పిల్లవాడు గోల్ఫు ఆటగాడినవుతానంటే

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి నల్లమాడనుంచి వచ్చింది. వ్రాసినావిడ తన పేరు వేయవద్దన్నారు; వేయడం లేదు. పుట్టపర్తికీ కదిరికీ నడుమనున్న ఊరది. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆవిడ భర్త బడిపంతులు. కాస్త మెట్టపొలం ఉంది. వాన పడిన ఏడు చెనక్కాయ పండుతుంది, పడని ఏడు అప్పు పండుతుంది.

సంగతేమిటంటే, పదమూడేళ్ళ కొడుకు వేసవి సెలవులకు బెంగుళూరులో చిన్నాన్నగారింటికి వెళ్ళాడు. వాళ్ళ పక్కింటాయన ఒక గోల్ఫు మైదానంలో పచ్చిక చూసుకునే పని చేస్తారట. వీణ్ణి రెండు మూడుసార్లు వెంట తీసుకువెళ్ళారు. అక్కడెవరో చేతికి కర్ర ఇచ్చి కొట్టి చూడమన్నారు, కొట్టాడు. చెయ్యి బాగుంది అన్నారు. అంతే! ఊరికి తిరిగి వచ్చినప్పటినుంచీ ఇంటివెనక బీడులో గుంటలు తవ్వడం, వంకరకర్రతో బంతి కొట్టడం. ఇంజనీరు చదువు వద్దు, గోల్ఫు ఆటగాడినవుతానంటాడు. తండ్రికి కోపం వచ్చి ఆ కర్ర విరిచేశారు. పిల్లవాడు రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజునుంచి తింటున్నాడు గాని తండ్రితో మాట్లాడటం లేదు. ఆ తల్లి అడిగినవి మూడు ప్రశ్నలు: ఇది బతుకుతెరువేనా? డబ్బున్నవాళ్ళకే గాని మనలాంటివాళ్ళకు అందేదేనా? ఇంట్లో ఈ ఇద్దరికీ నేనేం చెప్పాలి?

మంచి ప్రశ్నలు. మన ఇళ్ళల్లో ఆట అనగానే రెండే మాటలు వినపడతాయి. ఆటలు అన్నం పెడతాయా అని ఒకటి. కొడితే కోట్లు అని రెండోది. రెండూ సగం సగం నిజాలే.

ముందు ఈ ఆట ఏమిటో తెలియనివారికి నాలుగు మాటలు. నిమ్మకాయకంటే కాస్త పెద్దదిగా ఉండే గట్టి బంతి. దాని బరువు 46 గ్రాములకు లోపే. దాన్ని కర్రతో కొట్టుకుంటూ పోయి, నాలుగంగుళాల పైచిలుకు వెడల్పున్న గుంటలో పడేయాలి. అటువంటి గుంటలు 18. ఒక్కొక్కటి వంద గజాల దూరంనుంచి ఐదారువందల గజాల దూరంవరకూ ఉంటుంది. అన్నీ పూర్తిచేయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక అవుతుంది. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారిది గెలుపు. రకరకాల కర్రలు 14 వరకూ తీసుకుపోవచ్చు. దారిలో ఇసుక గుంటలుంటాయి, నీటి మడుగులుంటాయి, చెట్లుంటాయి. ఎదుటివాడు బంతి విసరడు, అడ్డుకోడు. తప్పు జరిగితే నెపం వేయడానికి మనిషి దొరకడు. మన బిళ్ళంగోడుకు దూరపు చుట్టమే అనుకోండి. కాకపోతే ఆ చుట్టానికి డబ్బెక్కువ.

ఇక బతుకుతెరువు సంగతి. మన తెలుగువారి బిడ్డ ఒకడు ఈ ఆటనే వృత్తిగా పెట్టుకుని ప్రపంచంలో మొదటి వరుసకు వెళ్ళాడు. పేరు సాహిత్ రెడ్డి తీగల. తల్లిదండ్రులు హైదరాబాదునుంచి అమెరికా వెళ్ళినవారు. ఇతను 1997 డిసెంబరులో కాలిఫోర్నియాలో పుట్టాడు. ఆ ఇంట్లో పూర్వం గోల్ఫు ఆడినవారు లేరు. తండ్రికి ఆటలు చూడటమంటే ఇష్టం, టెలివిజనులో గోల్ఫు చూసేవారు. పిల్లవాడికి పసితనంలోనే కర్ర చేతికొచ్చింది. ధనవంతుల క్లబ్బుల్లో చేరి నేర్చుకున్నవాడు కాదు. చీనో అనే ఊళ్ళో ఎల్ ప్రాడో అని అందరికీ తెరిచి ఉండే మైదానం ఉంది. రుసుము చెల్లిస్తే ఎవరైనా ఆడవచ్చు. అక్కడ పెరిగాడు.

అమ్మా, ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగండి. అమెరికాలో అటువంటి మైదానాలు వేలల్లో ఉన్నాయి. మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఢిల్లీలో కుతుబ్ దగ్గర డీ.డీ.ఏ. వారి మైదానంవంటివి కొద్ది. తక్కినవన్నీ క్లబ్బులు, సైనికుల మైదానాలు, లేదా పెద్ద పెద్ద ఇళ్ళ సముదాయాల మధ్య వేసుకున్న పచ్చికలు. సభ్యత్వం లేనిదే గేటు దాటనివ్వరు. అందుచేత సాహిత్ కథ విని వాడు చేయగా మనవాడు చేయలేడా అనుకునేముందు, ఇద్దరి గుమ్మాల ముందూ ఉన్న నేల ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. తెలివి ఇద్దరికీ ఉండవచ్చు, గేటు ఒక్కడికే తెరిచి ఉంది.

సాహిత్ బడి అయ్యాక చదువు మానలేదు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చేరి చదువుతూ ఆడాడు. 2017లో పంతొమ్మిదేళ్ళ వయసులో, ఇంకా డబ్బు పుచ్చుకోని ఔత్సాహికుడుగా ఉండగానే, యు.ఎస్. ఓపెన్ పోటీకి అర్హత సంపాదించాడు. వెన్నెముక కాస్త వంకర ఉన్నవాడు. కాలేజీలో ఉండగానే మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి ఒక ఏడాది ఆట పోయింది. తిరిగి వచ్చి, 2020లో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ బహుమతులు మూడూ ఒకే ఏడు అందుకున్నాడు. ఆ జూనులో వృత్తి ఆటగాడయ్యాడు.

ఇక్కడితో కష్టాలు తీరాయనుకుంటున్నారా? అది కరోనా ఏడు. కొత్తవాళ్ళు మెట్లెక్కే అర్హత పోటీలే ఆ ఏడు జరగలేదు. ఎవరైనా పిలిస్తే వెళ్ళి ఆడటం, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. 2021 చివరికిగాని పెద్ద పోటీలలో ఏడాదిపొడుగునా ఆడే హక్కు దొరకలేదు. ఆ హక్కునే వాళ్ళు కార్డు అంటారు. మన రేషను కార్డులాగానే అదీ ఉంటేనే తిండి. బాగా ఆడకపోతే తీసేసుకుంటారు.

ఆ వృత్తిలో జీతం లేదు. పోటీ సాధారణంగా గురువారంనుంచి ఆదివారం వరకూ నాలుగు రోజులు. నూటయాభైమంది దాకా మొదలుపెడతారు. శుక్రవారం సాయంకాలానికి లెక్కచూసి, మొదటి అరవై అయిదుమందినీ వారితో సమానమైనవారినీ ఉంచి మిగిలినవాళ్ళను పంపేస్తారు. పంపేసినవాళ్ళకు మామూలుగా కానీ రాదు. విమానం టిక్కెట్టు, బస, తిండి, కర్రలు మోసే క్యాడీకి వారం కూలి, అన్నీ సొంతమే. గెలిచినవాడు బహుమతి మొత్తంలో వందకు 18 వంతులు పట్టుకుపోతాడు. క్యాడీకి అందులో పదోవంతు ఇవ్వడం ఆనవాయితీ. కిందికి పోయేకొద్దీ చెంచాతో వడ్డన. పెళ్ళిలో మొదటి పంక్తికి బూరెలు, ఆఖరి పంక్తికి మజ్జిగ అన్నట్టు.

సాహిత్‌కు ఆ బూరెలు వెంటనే రాలేదు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీ. చివరిరోజున పదిహేడో గుంట దగ్గర మంచి దెబ్బే కొట్టాడు. బంతి నేలను తాకి వంకరగా ఎగిరి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో మూడో స్థానం. ఇంటివాళ్ళను కావలించుకుని ఏడ్చాడు. అందరూ చూశారు. ఆ జూనులో కనెటికట్‌లో ఇంకో పోటీ. ఆఖరి గుంట మిగిలి ఉండగా అందరికంటే ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుక గుంటలో పడింది. తీయబోతే మొదటి దెబ్బకు రాలేదు. నాలుగు దెబ్బల్లో ముగించాల్సింది ఆరు పట్టింది. పక్కవాడు గెలిచాడు. మొదటి విజయం 2023 సెప్టెంబరు 17న వచ్చింది. కాలిఫోర్నియాలోని నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్పు, రెండు దెబ్బల ఆధిక్యం. బహుమతి 15 లక్షల 12 వేల డాలర్లు. ఆనాటి మారకంలో పన్నెండున్నర కోట్ల రూపాయలు. అదే ఏడు ఏప్రిలులో మొదటిసారి మాస్టర్స్ పోటీలో ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచాడు.

పన్నెండున్నర కోట్లు అనగానే మీ ఇంట్లో కుర్రవాడి కళ్ళు మెరుస్తాయి. కాని నేను చెప్పదలచుకున్నది అది కాదు. 2024 ఆగస్టు 31న జరిగిన సంగతి.

అట్లాంటాలో ఈస్ట్ లేక్ మైదానం. ఏడాదంతా ఆడి మిగిలిన ముప్ఫైమందికి జరిగే ఆఖరి పోటీ. మూడోరోజు, మూడో గుంట. సాహిత్ బంతి ఇసుకలో ఉంది. బంతిని కొట్టడానికి కర్రను వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకకూడదని నియమం. తాకితే రెండు దెబ్బలు శిక్ష. కొట్టాడు. బంతి బాగానే వచ్చింది. కాని కర్ర వెనక్కి వెళ్ళేటప్పుడు ఇసుక రవ్వంత రాలినట్టు అతనికి అనిపించింది. పక్కవాడు అడగలేదు, తీర్పరి పట్టుకోలేదు. తనే వెళ్ళి అధికారికి చెప్పాడు. రెండు దెబ్బలు కలిపారు.

మర్నాడు పోటీ ముగిసేసరికి అతనికి మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. రెండో స్థానంలో ఉన్న మొరికావాకూ ఇతనికీ తేడా ఎంతనుకున్నారు? సరిగ్గా రెండు దెబ్బలు. తక్కిన ఆటంతా అలాగే సాగి ఉంటే ఇద్దరూ సమానమై, రెండూ మూడూ బహుమతులు కలిపి చెరిసగం పంచుకునేవారు. రెండోది కోటీ 25 లక్షలు. అంటే ఆ రవ్వంత ఇసుక ఖరీదు పాతిక లక్షల డాలర్లు. ఇరవైకోట్ల రూపాయలకు పైమాట. ఆ తరువాతి నెలలోనే ప్రెసిడెంట్స్ కప్పులో అమెరికా జట్టులో ఆడాడు. 2025లో మెడనొప్పివల్ల కొన్ని పోటీలు వదులుకోవలసివచ్చింది. ఒళ్ళే పెట్టుబడి అయిన వృత్తిలో అదొక భయం ఎప్పుడూ ఉంటుంది.

మీ రెండో ప్రశ్న, మనలాంటివాళ్ళకు అందేదేనా అని. అందినవాళ్ళు ఉన్నారు. ఢిల్లీలో అలీ షేర్ అని ఒకాయన క్లబ్బులో ఇతరుల కర్రల సంచులు మోసినవాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్ళీ గెలిచాడు. కలకత్తాలో ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చిక చూసుకునేవాడు, అచ్చంగా మీ మరిదిగారి పొరుగాయనలాగా. కొడుకు ఆ మైదానంలోనే చూసి నేర్చుకుని 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కాబట్టి పేదవాడికి దారి లేదనడం అబద్ధం. కాని ఆ ఇద్దరికీ మైదానం గడపలో ఉంది. నల్లమాడ గడపలో ఏముంది? ఏడాదికి యాభై అయిదు సెంటీమీటర్ల వాన కురిసే సీమ. గోల్ఫు మైదానానికి ఒక్క రోజుకు పట్టే నీళ్ళు చూస్తే మీ ఊళ్ళో బోరు వేసినవాళ్ళ గుండె ఆగిపోతుంది. పచ్చికకు నీళ్ళు చాలనిచోట నూనె కలిపిన ఇసుకను చదును చేసి ఆడుకున్న మైదానాలు మన దేశంలో ఉండేవి. వాటిని గ్రీనులని అనలేక బ్రౌనులు అన్నారు. మీవాడు బీడులో చేస్తున్నదీ ఒకవిధంగా అదే. సరదాకు, చేతివాటానికి అది చాలు. అంతకుమించి పైకి రావాలంటే బెంగుళూరులోనో హైదరాబాదులోనో మైదానం దగ్గర ఉండాలి.

బెంగుళూరు అన్నాను కనుక అదితీ అశోక్ సంగతి చెప్పాలి. 1998లో అక్కడే పుట్టింది. అయిదేళ్ళప్పుడు కర్ణాటక గోల్ఫు సంఘంవారి మైదానంలో మొదలుపెట్టింది. 2016లో వృత్తి ఆటగత్తె అయింది. ఆ ఏడే ఇండియన్ ఓపెన్ గెలిచింది. ఒలింపిక్సుకు వెళితే రియోలో తండ్రి కర్రల సంచి మోశారు, టోక్యోలో తల్లి మోసింది. 2021 ఆగస్టులో ఆ టోక్యోలోనే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగోది అయింది. ఆడపిల్లల తల్లులు ఈ మాట వినాలని చెబుతున్నాను. ఉత్తరం మగపిల్లవాడి గురించి వచ్చిందిగాని ఆట ఇద్దరిదీ. అయితే ఇంకొకటి కూడా వినాలి: ఆ పిల్లవెంట తల్లో తండ్రో దేశదేశాలు తిరిగారు. ఇంట్లో ఒకరి కాలమంతా ఆ సంచికే పోయింది.

ఇక మూడో ప్రశ్న. మాస్టారికీ అబ్బాయికీ ఏం చెప్పాలి?

మాస్టారికి ఇలా చెప్పండి. భయపడినందుకు ఆయనను తప్పు పట్టేవాళ్ళు లేరు. చెనక్కాయ పంటను నమ్ముకున్న ఇంట్లో మళ్ళీ ఇంకో వానమీద ఆధారపడే బతుకు ఎవరు కోరుకుంటారు? ఆయన భయం లెక్కతో కూడుకున్నదే. కాని విరిచిన కర్రవల్ల పిల్లవాడు ఇంజనీరింగు మీదకు పోడు. తండ్రికి చెప్పకుండా ఉండటం నేర్చుకుంటాడు. ఇంటికి ఆ నష్టమే పెద్దది. ఒక కర్ర తనే చేయించి ఇవ్వమనండి. పంతులుగారు కదా, షరతులు పెట్టడం ఆయనకు తెలుసు.

షరతులు ఏమిటంటే, చదువు మానకూడదు. సాహిత్ కూడా కాలేజీ పూర్తిచేసి వచ్చినవాడే. పదో తరగతి అయ్యేవరకు సెలవుల్లో మాత్రమే బెంగుళూరు. అక్కడ వరసగా రెండు వేసవులు ఒక శిక్షకుని దగ్గర చూపించండి. చెయ్యి బాగుందన్నమాట బాటసారి నోట కాదు, నేర్పేవాడి నోట వినాలి. కొత్త కర్రలకోసం అప్పు చేయకండి. పెరిగే పిల్లలకు కొలతలు మారిపోతుంటాయి. ఒకరు వాడి వదిలేసినవి సరిపోతాయి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌వారు వయసులవారీగా పిల్లల పోటీలు జరుపుతారు. వాటిలో ఎక్కడ నిలబడతాడో చూస్తే రెండేళ్ళలో మీకే తెలుస్తుంది. పెద్దయ్యాక మన దేశంలో వృత్తి పోటీలకు 2006లో మొదలైన పి.జి.టి.ఐ. అనే సంస్థ ఉంది. దానిలోకి కూడా అర్హత పోటీలో నెగ్గే వెళ్ళాలి. పొలం అమ్మి ఎక్కవలసిన బండి మాత్రం కాదు. మరిదిగారింటి పక్కాయన చేసే పచ్చిక పని, పిల్లలకు నేర్పే పని, కర్రలు బాగుచేసే పని, ఇవన్నీ కూడా ఆ ఆటలోని బతుకుతెరువులే. వాటిని చులకన చేయకుండా వాడికి చూపించండి.

ఇంకొక మాట. ఆటే కావాలి, అదే ఆట కానక్కరలేదు అని వాడికనిపిస్తే, అనంతపురం మీకు దూరం కాదు. రఫేల్ నాదల్ అనే స్పెయిను టెన్నిసు వీరుడి ఫౌండేషనువారు, ఆర్.డి.టి.తో కలిసి, 2010లో అక్కడ పల్లెపిల్లలకోసం టెన్నిసు బడి తెరిచారు. కరువు సీమలో ఆటలకు చోటులేదన్న మాట అప్పుడే పాతబడింది. ఒకసారి తీసుకువెళ్ళి చూపించండి. పదమూడేళ్ళవాడికి ఇష్టమైనది ఏదో తెలియాలంటే ముందు రెండు మూడు చూసి ఉండాలి.

అబ్బాయికి మాత్రం ఒకే పని చెప్పండి. ఒక నోటుపుస్తకం కొనిపెట్టండి. బీడులో తొమ్మిది గుంటలు వాడే కొలిచి తవ్వుకోమనండి. రోజూ సాయంకాలం ఆడి, ఏ గుంటకు ఎన్ని దెబ్బలు పట్టాయో తేదీ వేసి వ్రాసుకోమనండి. ఎవరూ చూడరు, ఎవరూ సరిచూడరు. బంతి రాయికి తగిలి పక్కకు పోయినా, తుమ్మచెట్టు కింద చిక్కినా, గాలికి తప్పినా, కొట్టినదల్లా వ్రాయాలి. ఒక సంవత్సరం అయ్యాక ఆ పుస్తకం తండ్రి చేతికివ్వమనండి.

అంకెలు నెమ్మదిగా తగ్గుతూ వస్తే వాడికి ఓపిక ఉందన్నమాట. మధ్యమధ్య చెడ్డ రోజులు కూడా దాచకుండా వ్రాసి ఉంటే, మాస్టారు కోపం మాని వాడి మాట వినవలసినంత విలువైనది వాడి దగ్గర ఉందన్నమాట. వాడు చివరికి గోల్ఫు ఆడినా, ఇంజనీరైనా, మీ మెట్టలోనే చెనక్కాయ వేసినా, ఆ పుస్తకం వ్రాసినవాడు మీకు లోటు చేయడు.